చవక బేరం – ఖరీదైన కాలం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ మరమ్మతుల షెడ్డు నడుపుతున్న ఒక సోదరుడు రంజాన్ పండుగ గడిచిన కొద్ది రోజులకు మాకు ఉత్తరం వ్రాశారు. ఆయన పెద్ద కుమారుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీ మూడు వేల రూపాయల దాకా పోగయింది. ఆ సొమ్ముతో కంప్యూటరులో ఆడుకొనే వీడియో గేములు కొనుక్కుంటానని అబ్బాయి అడిగాడు. ఎనభై, తొంభై శాతం తగ్గింపు మీద పది గేములు వస్తున్నాయనీ, గడువు రెండు రోజులే మిగిలిందనీ చెప్పాడు. గేములన్నీ హరామేనని తల్లి ఒక్క మాటలో తోసిపుచ్చారు. "ఇంత చవకగా వస్తుంటే కొనుక్కోనీ" అన్నారు తండ్రి. ఆ ఇంట మూడు రోజుల పాటు తల్లీకొడుకుల నడుమ మాటలు లేవు. "ఇద్దరిలో ఎవరిది ఒప్పో మీరు చెప్పండి" అని ఆ సోదరుడు కోరారు.

ఫత్వా ఇవ్వడం ఉలమాల బాధ్యత. మాకు ఆ అర్హత లేదు. అయితే ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. పండుగ రోజుల్లోనూ సెలవుల్లోనూ ఇటువంటి ప్రశ్న మన ఇళ్లలో చాలా చోట్ల తలెత్తుతోంది. కనుక గత నెల విజయవాడ వెళ్లినప్పుడు ఆ షెడ్డుకు వెళ్లి, తండ్రీకొడుకులతో ఒక సాయంత్రం గడిపి వచ్చాము. అక్కడ విన్నదీ, కన్నదీ, మాకు తోచినదీ ఆ కుటుంబం అనుమతితో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆట నిషిద్ధమా?

మొదట అమ్మగారి మాట పరిశీలిద్దాం. ఇస్లాం ఆటపాటలను శత్రువులుగా చూసే ధర్మం కాదు. పండుగనాడు హబషీలు మస్జిదె నబవీలో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)కు అండగా నిలబడి, ఆమెకు తనివితీరే దాకా చూడనిచ్చారని సహీహ్ బుఖారీలో ఉంది. చిన్ననాడు ఆమె బొమ్మలతో ఆడుకోవడం, ఆమెతో దైవప్రవక్త (స) పరుగు పందెం వేయడం కూడా హదీసు గ్రంథాల్లో నమోదైన విషయాలే. అల్లాహ్ నిషేధించని దాన్ని మనంతట మనమే హరామ్ అని ప్రకటించడం ఎంత తీవ్రమైన విషయమో నహ్ల్ సూరా 116వ ఆయతు హెచ్చరిస్తోంది.

అలాగని గేములన్నీ ఒక్కటే అనుకోరాదు. జూదం ఉండరాదు, అశ్లీలం ఉండరాదు, విశ్వాసాన్ని కించపరిచేది ఉండరాదు, నమాజును, చదువును, ఇంటి బాధ్యతలను మరపించరాదు అన్నవి ఉలమాలు సాధారణంగా చెప్పే షరతులు. ఈ షరతులకు లోబడిన ఆట అనుమతించబడినదే. కాబట్టి తల్లి నోటి నుంచి రావలసిన మొదటి మాట "హరామ్" కాదు, "ఏ గేము?" అన్న ప్రశ్న. ఆ ప్రశ్న వేసిన తల్లితో కొడుకు మాట్లాడతాడు. తీర్పు చెప్పేసిన తల్లి ఎదుట నుంచి లేచిపోతాడు. ఆ ఇంట జరిగినది అదే.

తొంభై శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక తండ్రిగారి మాట. చవక అన్నది నిజమేనా?

ఆటోనగర్‌లో ఒక వ్యాపారి లక్ష రూపాయల ఇంజనును పది వేలకు అమ్మితే అతడు మునిగిపోయినట్లే. కంప్యూటరు గేము అటువంటి సరుకు కాదు. దాన్ని తయారు చేయడానికి కోట్లు ఖర్చవుతాయి. తయారయ్యాక ఒక్కొక్క నకలు అదనంగా అమ్మడానికి అయ్యే ఖర్చు స్వల్పం. గోదాములో నిల్వ ఉండదు, తుప్పు పట్టదు. అందుచేత కంపెనీలు గేము విడుదలైన రోజున ఆగలేని వారి దగ్గర పూర్తి ధర తీసుకుంటాయి. కొన్ని నెలలు గడిచాక కొంత తగ్గించి మరికొందరిని, ఏళ్లు గడిచాక పదోవంతుకు అమ్మి మిగిలినవారిని రాబడతాయి. ఇందులో మోసం లేదు. ఇది వ్యాపార పద్ధతి. అయితే మనపై ఎవరో దయ తలచి తొంభై శాతం వదులుకున్నారని భ్రమపడవలసిన అవసరమూ లేదు.

ఓపిక పట్టేవారికి ఈ పద్ధతిలో మేలు కూడా ఉంది. 2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077 అనే గేము ఎంత లోపభూయిష్టంగా వచ్చిందంటే, సోనీ సంస్థ దాన్ని తన ప్లేస్టేషన్ దుకాణం నుంచి కొన్ని నెలల పాటు తొలగించింది. మొదటి రోజునే పూర్తి ధర చెల్లించినవారు లోపాలను భరించారు. ఆగినవారికి సరిదిద్దిన గేము తక్కువ ధరకు లభించింది. కాబట్టి తగ్గింపులో కొనడం తప్పు కాదు. తగ్గింపు ఉన్నందువల్ల కొనడమే తప్పు. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాని, ఇంటి ఖర్చంతా ఆ తేడా మీదనే నడుస్తుంది.

"గడువు రెండు రోజులే" అన్న మాటకు కూడా అంతగా కంగారు పడనక్కరలేదు. కంప్యూటరు గేములు అమ్మే పెద్ద దుకాణమైన స్టీమ్‌లో వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం అంటూ ఏడాదికి నాలుగు పెద్ద అమ్మకాలు జరుగుతాయి. ఒకసారి తగ్గిన ధర మళ్లీ మళ్లీ తగ్గుతూనే ఉంటుంది. ఏ గేము ఏ నెలలో ఎంతకు అమ్ముడయిందో చూపే వెబ్‌సైట్లు ఉచితంగానే ఉన్నాయి. అబ్బాయిలకు అవి తెలుసు. లేని తొందరను కల్పించి కొనిపించడాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో జారీ చేసిన మార్గదర్శకాల్లో, వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 ఎత్తుగడలలో ఒకటిగా పేర్కొంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2022 మే నుంచి, తగ్గింపు ప్రకటించే వ్యాపారి అంతకు ముందు 30 రోజుల్లో తాను అమ్మిన కనిష్ఠ ధరతో పోల్చి చూపాలన్న నియమం అమల్లోకి వచ్చింది.

కొనే ఉద్దేశం లేకుండానే ధర పెంచి పాడి ఇతరులను మోసగించడాన్ని దైవప్రవక్త (స) పద్నాలుగు శతాబ్దాల క్రితమే నిషేధించారు. దానిని నజష్ అంటారు. పండుగ ముందు ధర పెంచి, పండుగనాడు "సగానికి సగం" అని బోర్డు కట్టే వ్యాపారి అచ్చంగా ఆ పని చేయకపోవచ్చు. కాని కొనేవాని మనసులో అబద్ధపు ధరను నాటడం అన్న దోషం రెండింటిలోనూ ఉంది. మన సోదరుల్లో వ్యాపారులు కూడా దీన్ని గమనించాలి.

ఆటోనగర్ సూత్రం

మేము షెడ్డులో కూర్చొని ఉండగా ఒక సంఘటన జరిగింది. బందరు రోడ్డుకూ ఏలూరు వైపు వెళ్లే జాతీయ రహదారికీ నడుమ విస్తరించిన ఆటోనగర్ సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. లారీ బాడీలు కట్టేవారు, లేత్ పనివారు, ఇంజను బోరింగు చేసేవారు, పాత బండ్లను విడగొట్టి భాగాలమ్మేవారు – ఇక్కడ బేరం తెలియనివాడు నిలబడలేడు. ఆ సాయంత్రం ఒక వ్యక్తి ఆటోలో పాత గేర్‌బాక్సు తెచ్చి దించాడు. బజారు ధరలో మూడోవంతుకే ఇస్తానన్నాడు. మా సోదరుడు ధర మాట ఎత్తనే లేదు.

"ఏ బండిది?" అని అడిగారు.

అతడు చెప్పాడు.

"నా దగ్గర దానికి బండి లేదు భాయి. తీసుకెళ్లు."

"ఇంత తక్కువకు మళ్లీ దొరకదు మేస్త్రీ" అన్నాడతడు.

"బండి లేని గేర్‌బాక్సు నాకు ఇనుమే. ఇనుము రేటుకైతే చెప్పు" అన్నారు ఈయన నవ్వుతూ.

అతడు వెళ్లిపోయాడు. మా పక్కనే కూర్చున్న అబ్బాయి షెడ్డు వెనుక మూలకు చూపించి, "అబ్బా, అక్కడున్నవాటికి బండ్లున్నాయా?" అని అడిగాడు. ఆ మూలలో డిఫరెన్షియళ్లు, కమాన్ పట్టీలు, పేరు తెలియని ఇనుప పెట్టెలు దుమ్ము పట్టి గుట్టగా పడి ఉన్నాయి. తండ్రి కొంతసేపు మాట్లాడలేదు. మేము కూడా మాట్లాడలేదు. చివరకు ఆయన, "లేవు బేటా. చవకగా వచ్చాయని నేను మొదట్లో కొన్నవి. బండి అడగాలని నాకు నేర్పింది ఆ మూలే" అన్నారు.

తండ్రి తన తప్పును బిడ్డ ముందు ఒప్పుకోవడం మన ఇళ్లలో అరుదుగా చూస్తాము. ఆ ఒక్క మాటతో అబ్బాయి మెత్తబడ్డాడు. తన ల్యాప్‌టాప్ తెరచి, రెండేళ్లుగా కొన్న గేముల జాబితా తానే చూపించాడు. మొత్తం 31. అందులో ఒక్కసారైనా తెరిచినవి 11. చివరి దాకా ఆడినవి రెండు. తెరవని 20 గేములకు సగటున 220 రూపాయల చొప్పున లెక్క వేస్తే 4,400 రూపాయలు. అదే అతడి మూల. ఇనుము కాదు గనుక దుమ్ము కనిపించదు, అంతే తేడా.

అప్పుడు ఇంకొక విషయం కూడా బయటపడింది. అబ్బాయి ఎంచుకున్న పదింటిలో రెండు గేములు ఆ ల్యాప్‌టాప్ మీద నడవనే నడవవు. వాటికి శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఒక్కొక్కటి వంద గిగాబైట్లకు పైగా చోటు తీసుకుంటుంది. మూడు వందల రూపాయల గేము కొన్న తరువాత, దాని కోసం వేల రూపాయల కంప్యూటరు అడగవలసి వస్తుంది. గేర్‌బాక్సు కొని, దానికి సరిపోయే లారీ కోసం వెదికినట్లే ఇది.

లోపల ఏముంది?

ధర తేలిన తరువాత సరుకు చూడాలి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి అడుగున ఉన్న తడిని దైవప్రవక్త (స) వెలికి తీసిన ఉదంతం మనకు తెలుసు. పైపొర చూసి కొనరాదన్న పాఠం అందులో ఉంది. గేముల విషయంలో మూడు సంగతులు ముఖ్యం.

మొదటిది, విషయం. తగ్గింపు జాబితాల్లో తరచు కనిపించే గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 అనే గేము 2013లో విడుదలైంది. పద్దెనిమిదేళ్లు నిండినవారికేనని దానిపై ముద్ర ఉంది. దాని పేరుకు అర్థమే వాహన చౌర్యం. దొంగతనం, హత్య, అశ్లీలం దాని కథలో అల్లుకొని ఉంటాయి. వాహనాలను బాగుచేసి హలాల్ రొట్టె తినే ఇంట ఆ ఆటకు చోటెక్కడిదని తండ్రే అడిగారు. అబ్బాయి తల వంచుకున్నాడు. అదే జాబితాలో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే మరో గేము ఉంది. 2012లో వచ్చిన ఈ ఆటలో లారీ ఎక్కి, సరుకు వేసుకొని, ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ ఐరోపా పట్టణాలకు చేర్చాలి. నియమం తప్పితే జరిమానా పడుతుంది. రెండింటి ధరా ఇంచుమించు ఒకేలా పడిపోవచ్చు. లోపలి సరుకు ఒకటి కాదు.

రెండవది, కొన్న తరువాత పెట్టవలసిన ఖర్చు. ఆ లారీ ఆటలోనే అసలు గేము చవకగా వస్తుంది. స్కాండినేవియా, ఫ్రాన్సు, ఇటలీ వంటి ప్రాంతాల దారులు మాత్రం విడివిడిగా కొనాలి. అది తెలిసి కొంటే చిక్కు లేదు. మరికొన్ని గేములలో అంతకంటే ప్రమాదకరమైన వల ఉంటుంది. డబ్బు చెల్లించి ఒక మూసిన పెట్టె కొనాలి. లోపల ఏముందో తెరిచే దాకా తెలియదు. వీటిని లూట్ బాక్సులు అంటారు. 2018లో బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ కొన్ని ప్రసిద్ధ గేములలోని ఇటువంటి పెట్టెలను జూదంగా నిర్ణయించింది. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది; 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఎక్కడ గీత గీసినా, మాయిదా సూరా 90, 91 ఆయతులు జూదాన్ని మద్యంతో పాటు షైతాను పనిగా నిర్ధారించాయి. అదృష్టం మీద సొమ్ము పెట్టే ఏ పెట్టెకూ మన బిడ్డల చేయి వెళ్లరాదు. ఉచితంగా వచ్చిన గేములోనైనా సరే, ఈ పెట్టె ఉంటే అది చవక కాదు.

మూడవది, యాజమాన్యం. గేము కొన్నామంటే అది మన సొత్తు అయిందని అనుకుంటాం. నిజానికి మనకు లభించేది వాడుకొనే అనుమతి మాత్రమే. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ ఈ విషయాన్ని కొనుగోలు సమయంలోనే స్పష్టంగా చూపుతోంది. 2014లో విడుదలైన ద క్రూ అనే కార్ల గేమును యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న సర్వర్లు మూసివేసి ఆపేసింది; డబ్బు పెట్టి కొన్నవారు కూడా దాన్ని ఆడలేకపోయారు. పాత గేర్‌బాక్సు కనీసం ఇనుము రేటుకైనా పోతుంది. ఇది ఆ మాత్రం కూడా పోదు, ఇంకొకరికి అమ్మనూ వీలు లేదు.

ఇక్కడే అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు: "నకలు కాపీ ఉచితంగా దొరుకుతుంది కదా, మరి అది?" తొంభై శాతం కాదు, నూరు శాతం తగ్గింపు! దానికి జవాబు సూటిగానే ఉంది. రచనల మీద, ఆవిష్కరణల మీద వాటి కర్తలకు గల హక్కులు షరీఅతు దృష్టిలో రక్షణ పొందినవేనని, వాటిని అతిక్రమించరాదని ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో తీర్మానించింది. వేరే దేశంలో ఉన్నట్లు నటించి అక్కడి తక్కువ ధరకు కొనడం కూడా అబద్ధంతో చేసిన బేరమే. హలాల్ కాని చవక మనకు చవక కాదు.

అసలు వెల

ఇంతకూ గేముకు వెల ఎంత? అబ్బాయి దగ్గర ఒక లెక్క ఉంది. మూడు వందల గేమును అరవై గంటలు ఆడవచ్చు. గంటకు ఐదు రూపాయలు. ఇంతకంటే చవకైన వినోదం విజయవాడలో ఎక్కడుంది? లెక్కలో తప్పు లేదు. కాని ఆ లెక్కలో అరవై గంటలను లాభం వైపు వేశాడు. వాటిని ఖర్చు వైపు వేసి చూడమన్నాము. గేమును రూపాయలతో ఒకసారి కొంటాము. గంటలతో ప్రతిరోజూ కొంటాము. మొదటి వెలకు తగ్గింపు ఉంది. రెండవ వెలకు ఏ పండుగనాడూ తగ్గింపు లేదు. సగటున యాభై గంటల చొప్పున పది గేములంటే ఐదు వందల గంటలు. రోజుకు గంట వంతున ఆడినా దాదాపు పదహారు నెలలు. ఇంజనీరింగ్ చదువులో అది ఎంత భాగమో అతడే చెప్పాలి.

ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీలో ఉంది. ప్రళయదినాన జీవితకాలాన్ని ఎలా గడిపామన్న ప్రశ్న, సంపదను ఎలా ఆర్జించి ఎలా ఖర్చు చేశామన్న ప్రశ్న రెండూ ఎదురవుతాయని తిర్మిజీలోని హదీసు తెలుపుతోంది. తొంభై శాతం తగ్గింపు ఆ రెండవ ప్రశ్నలో పదోవంతుకు జవాబును తేలిక చేయవచ్చు. మొదటి ప్రశ్నకు ఏ సాయమూ చేయదు.

ఖర్చు చేయడంలో దుబారా గానీ పిసినారితనం గానీ లేక మధ్యస్థంగా ఉండేవారిని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు మెచ్చుకుంటుంది. వృథాగా ఖర్చు చేసేవారిని షైతాను సోదరుల సరసన చేర్చిన బనీ ఇస్రాయీల్ సూరా 27వ ఆయతుకు ముందున్న ఆయతు, బంధువులకు, నిరుపేదలకు, బాటసారులకు వారి హక్కు ఇవ్వమంటుంది. దుబారా గురించిన హెచ్చరిక బంధువు హక్కు పక్కనే ఎందుకుందో ఆలోచించాలి. ఆడని గేముకు పోయిన 220 రూపాయలు గాలిలో కలిసిపోవు. ఎవరి హక్కు నుంచో తరిగిపోతాయి.

కొనే ముందు

కాబట్టి ఇంట్లో ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చొని ఈ విషయాలు చూసుకోవాలని మా సలహా. ఈ గేము తగ్గింపు లేకపోయినా కావాలనుకుని ఎదురుచూసినదేనా? మన కంప్యూటరు మీద నడుస్తుందా? వయసు ముద్ర ఏమిటి, లోపల జూదపు పెట్టెలున్నాయా? ఇప్పటికే కొన్నవాటిలో ఆడనివెన్ని? ఈ నెలలో దీన్ని ఏ రోజు, ఏ వేళ ఆడతాము? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే గేమును ఆశించిన వస్తువుల జాబితాలో ఉంచి ఊరుకోవాలి. మూడు నెలలకు మళ్లీ అమ్మకం వస్తుంది. అప్పటికి కోరిక మిగిలి ఉంటే కొనవచ్చు. పొరపాటున కొంటే స్టీమ్‌లో పద్నాలుగు రోజుల లోపల, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, సొమ్ము వాపసు అడగవచ్చునన్న సంగతి కూడా పెద్దలు తెలుసుకోవాలి.

మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి మా మాటలు ఆగాయి. ముగ్గురమూ నమాజుకు లేచాము. తిరిగి వచ్చాక అబ్బాయి తన పది గేముల జాబితాలో తొమ్మిది తీసివేశాడు. లారీ ఆట మిగిలింది. తల్లిగారికి ఫోను చేసి అదేమిటో వివరంగా చెప్పాడు. ఆమె చాలాసేపు విన్నారు. హరామ్ అన్న మాట మళ్లీ అనలేదు. మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య కంప్యూటరు మూసి ఉండాలని, తమ్ముడికి కూడా వంతు ఇవ్వాలని రెండు షరతులు పెట్టారు. అబ్బాయి ఒప్పుకున్నాడు. మిగిలిన ఈదీలో కొంత, షెడ్డులో పనిచేసే కుర్రవాడి చెల్లెలి పాఠ్యపుస్తకాలకు ఇస్తానని తనంత తానే అన్నాడు.

మేము బయలుదేరుతుండగా తండ్రి ఆ వెనుక మూల వైపు చూస్తూ, "రేపు తూకం వాడిని పిలిపిస్తాను" అన్నారు. పిలిపించారో లేదో మాకు ఇంకా తెలియదు. మన ఇళ్లలోనూ అటువంటి మూలలున్నాయి: బీరువాలో కట్టని చీరలు, వంటింటి అటక మీద విప్పని పెట్టెలు, ఫోనులో తెరవని గేములు. పిల్లల జాబితాను లెక్కించే ముందు మన మూలను ఒకసారి చూసి రావడం మంచిది. కాలాన్నీ సంపదనూ అమానతులుగా కాపాడుకొనే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.